సిగ్నల్ దగ్గర ఆగితే పెట్రోలు కారు ఎందుకు వణుకుతుంది?

ముందు ఆర్‌పీఎం ముల్లు (ఇంజన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందో చూపేది) చూడండి. అది 700–800 దగ్గర నిలకడగానే ఉండి స్టీరింగు, సీట్లు అదురుతుంటే ఇంజన్‌ను బండికి పట్టి ఉంచే మౌంట్ల రబ్బరును అనుమానించాలి. ముల్లు ఎగిరిపడుతుంటే మురికి పట్టిన థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి గాలిని వదిలే భాగం) కావచ్చు, గాలి లీకయ్యే వాక్యూమ్ గొట్టం కావచ్చు. నేనైతే మొదట స్పార్క్ ప్లగ్గులు, వాటికి కరెంటిచ్చే కాయిల్సే చూస్తాను. కారుకు తగిలించి లోపాల కోడ్‌లు చదివే స్కానర్‌లో పీ0301 వస్తే ఒకటో సిలిండర్ సరిగా మండడం లేదని అర్థం. ఇంజన్ ఆపి, కోడ్ చెరిపి, దాని కాయిల్‌ను రెండోదానితో మార్చి బిగించండి. ఈసారి పీ0302 (అంటే రెండో సిలిండర్) వస్తే దొంగ దొరికినట్టే, ఆ కాయిల్ ఒక్కటి కొంటే చాలు (నాలుగూ మార్చమంటారు, తొందరపడకండి). చెక్ ఇంజన్ దీపం మిణుకుమిణుకుమంటుంటే మాత్రం బండి నడపకండి. మండని పెట్రోలు, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది.