బేరం ఒకరిది, తిట్లు ఇంకొకరికి

ప్రశ్న: సర్, నేను ఐస్ హాకీ చూడ్డం ఈమధ్యే మొదలెట్టాను. పాత సీజన్ల సంగతులు చదువుతుంటే ఫిల్ కెసెల్ పేరు పదే పదే తగుల్తోంది. అన్ని గోల్స్ కొట్టిన మనిషిని టొరంటో ఫ్యాన్సూ పేపర్లవాళ్ళూ అంతలా ఎందుకు ఆడిపోసుకున్నారు? నిజంగా అంత తప్పేం చేశాడు?

జవాబు: పెద్ద తప్పేం లేదండీ, తనకి ఎక్కువ రేటు పలకడమే ఆయన కొంప ముంచింది. ఎన్‌హెచ్‌ఎల్‌లో, అంటే అమెరికా, కెనడాల పెద్ద ఐస్ హాకీ లీగ్‌లో, టీమ్‌లు ఆటగాళ్ళని మార్చుకుంటాయి కదా, దాన్ని ట్రేడ్ అంటారు, ఆటగాడికి బదులు ముందు ముందు కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే వంతు కూడా ఇచ్చేయొచ్చు, దాన్నే డ్రాఫ్ట్ పిక్ అంటారు. కెసెల్‌కి అప్పటిదాకా ఆడిన బోస్టన్ టీమ్‌తో కొత్త కాంట్రాక్ట్ కుదర్లేదు. 2009 సెప్టెంబర్‌లో టొరంటో మేపుల్ లీఫ్స్ జనరల్ మేనేజర్ బ్రయన్ బర్క్ రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లూ ఒక సెకండ్ రౌండ్ పిక్కూ ఇచ్చి ఆయన్ని తెచ్చుకున్నాడు. అప్పటికి కుర్రాడికి ఇంకా 22 నిండలేదు, ముందు సీజన్లో 36 గోల్స్ కొట్టి ఉన్నాడు, కాబట్టి తెచ్చుకోవడం తప్పని నేనైతే అనను.

కానీ ఆ సీజన్లో లీఫ్స్ 30 టీముల్లో 29వ స్థానంలో తేలారు. టీమ్ ఎంత కింద ఉంటే పిక్ అంత పైకొస్తుంది, అందుకని బోస్టన్‌కి ఏకంగా రెండో పిక్ దక్కింది, దాంతో టైలర్ సెగిన్‌ని తీసుకున్నారు, తర్వాతేడు పిక్‌తో డూగీ హామిల్టన్‌ని. ఇంక చూస్కోండి, సెగిన్ గోల్ కొట్టినప్పుడల్లా బోస్టన్ జనం 'థాంక్యూ కెసెల్' అని అరవడం, టొరంటోలో అది విని రగిలిపోవడం. రగిలితే రగిలారు గానీ కోపం ఎవరి మీద చూపించాలి? ఆ పిక్‌లు ఇచ్చింది కెసెల్ కాదు, టీమ్ 29వ స్థానంలో ఉండటానికీ ఆయనొక్కడే కారణం కాదు, పైగా భుజానికి సర్జరీ అయ్యి మొదటి 12 మ్యాచ్‌లు ఆడకపోయినా మిగిలిన 70లో 30 గోల్స్ కొట్టి టీమ్‌లో టాప్ స్కోరర్ ఆయనే. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటే ఇదే.

ఇంకో తమాషా చెప్తాను. 2013లో బోస్టన్ వాళ్ళే సెగిన్‌ని డల్లాస్‌కి పంపేశారు, పద్ధతిగా ఉండట్లేదు అన్నారు, ఆయన అక్కడికెళ్ళిన మొదటి సీజన్లోనే 37 గోల్స్ కొట్టాడు. 2015లో హామిల్టన్ కూడా క్యాల్గరీకి వెళ్ళిపోయాడు. అంటే ఏ ఇద్దరి పేరు చెప్పి కెసెల్‌ని ఏళ్ళ తరబడి తిట్టారో ఆ ఇద్దరూ బోస్టన్‌లోనే మిగల్లేదు.

ప్రశ్న: మీరు ఆయన్ని మరీ వెనకేసుకొస్తున్నారు. బద్ధకస్తుడు, ఫిట్‌నెస్ లేదు, డిఫెన్స్ ఆడడు అని ఊరంతా ఊరికే అంటుందా?

జవాబు: డిఫెన్స్ మాట ఒప్పుకుంటాను. పక్ (ఐస్ హాకీలో బంతికి బదులు వాడే బిళ్ళ) పోయాక వెనక్కి పరిగెత్తడంలో ఆయనకి పెద్ద సరదా ఉండేది కాదు, 2014-15లో ప్లస్ మైనస్ లెక్క, అంటే ఆయన ఐస్ మీద ఉండగా టీమ్ కొట్టిన గోల్స్‌కీ తిన్న గోల్స్‌కీ తేడా, మైనస్ 34, అది చూసి ముచ్చటపడే వాళ్ళెవరూ ఉండరు. మీడియాతో మాట్లాడటం కూడా ఇష్టం ఉండేది కాదు, మైక్ పెడితే రెండు ముక్కలు చెప్పి తప్పుకునేవాడు. నాకు తోచింది చెప్తాను, సగం గొడవ అక్కడే మొదలైంది, రోజూ కాలమ్ నింపాల్సిన వాళ్ళకి మాటలు ఇవ్వని మనిషంటే ఒళ్ళు మంట.

ఇంక బద్ధకం అంటారా, టొరంటో తరఫున మొదటి మ్యాచ్ 2009 నవంబర్ 3న ఆడాడు. అక్కణ్ణుంచి ట్రేడ్ అయ్యేదాకా అక్కడ 446 మ్యాచ్‌లు ఆడాడు, మధ్యలో ఒక్కటంటే ఒక్కటి మిస్ అవ్వలేదు. 181 గోల్స్, 394 పాయింట్లు (గోల్స్‌కి తోడు, వేరేవాళ్ళ గోల్స్‌కి అందించిన పాస్‌లూ కలిపితే పాయింట్లు). ఆ రోజు మొదలైన వరసే తర్వాత వేరే టీముల్లో కూడా సాగి సాగి 1,064 మ్యాచ్‌ల దాకా వెళ్ళింది, 2022 అక్టోబర్‌లో వరసగా ఆడిన మ్యాచ్‌ల పాత రికార్డ్ దాటిన రాత్రే తన 400వ గోల్ కూడా కొట్టాడు. బద్ధకస్తులు అందరూ ఇలాగే ఉంటే మనకింకేం కావాలి. ఇంకోటి, బోస్టన్‌లో మొదటి సీజన్లోనే, 19 ఏళ్ళకి, క్యాన్సర్ ఆపరేషన్ అయ్యి 11 మ్యాచ్‌లు మాత్రమే మిస్ అయ్యి మళ్ళీ ఐస్ మీదకి వచ్చిన మనిషి ఆయన.

ఫిట్‌నెస్ కథల్లో హాట్ డాగ్ కథ మీరూ చదివే ఉంటారు. 2015 జులై 1న పిట్స్‌బర్గ్‌కి ట్రేడ్ చేశారో లేదో, టొరంటో పేపర్లో ఒకాయన రోజూ మధ్యాహ్నం రెండున్నరకి ఫలానా వీధి మూల బండి దగ్గర హాట్ డాగ్ తినేవాడు అని రాసి పడేశాడు. ఆయన ఉండే చోటుకీ ఆ మూలకీ పొంతనే లేదని తర్వాత వేరేవాళ్ళు ఎత్తి చూపారు, కానీ అప్పటికే కథ ఖండాలు దాటేసింది. పోనీ తిన్నాడే అనుకుందాం, తింటే ఏంటి? అసలు ఆయన ఆట చూసినవాళ్ళకి తెలుస్తుంది, రైట్ వింగ్‌లో ఫుల్ స్పీడ్‌లో వస్తూ వస్తూ ఆగడు, షాట్ కొడుతున్నట్టు భుజం ఎత్తడు, కాలు స్కేటింగ్ చేస్తూనే ఉంటుంది, మణికట్టు మాత్రం చిన్నగా తిరుగుతుంది, కర్ర విల్లులా వంగి నిటారు అయ్యేసరికి పక్ నెట్‌లో ఉంటుంది, గోల్‌కీపర్ అప్పుడు కాళ్ళు దగ్గరికి లాక్కుంటాడు. ఆ స్పీడ్ బద్ధకంతో రాదు కదండీ.

ప్రశ్న: మరి అంత గొప్పోడైతే టొరంటోని ఎందుకు గెలిపించలేదు? పిట్స్‌బర్గ్‌కి వెళ్ళగానే కప్పు ఎలా వచ్చింది?

జవాబు: టొరంటోలో ఎదుటి టీమ్ బెస్ట్ డిఫెన్స్‌మెన్ అంతా కెసెల్ లైన్ (కలిసి దిగే ముగ్గురు ఫార్వర్డ్‌లు) మీదే పడేవాళ్ళు, కాచుకోవాల్సింది ఇంకెవర్ని? ఆరు సీజన్లలో ప్లేఆఫ్స్‌కి ఒక్కసారే, 2013లో, అదీ బోస్టన్ మీదే. ఏడో మ్యాచ్ మూడో పీరియడ్‌లో 4-1 ముందుండి ఓడిపోయారు. ఆ నాలుగులో ఒకటి కెసెల్‌దే, ఆ సిరీస్‌లో మొత్తం నాలుగు కొట్టాడు, అయినా ఓటమి లెక్కలో ఆయన పేరే ముందు రాశారు.

పిట్స్‌బర్గ్‌లో క్రాస్బీ, మాల్కిన్ లాంటి పెద్ద స్టార్లు ఉన్నారు, డిఫెన్స్‌వాళ్ళు వాళ్ళని కాచుకోవాలి, ఈలోపు కెసెల్ హేగెలిన్, బొనీనోలతో కలిసి మూడో లైన్‌లో ఆడుకుంటూ పోయాడు. 2016 ప్లేఆఫ్స్‌లో 24 మ్యాచ్‌ల్లో 22 పాయింట్లు, టీమ్‌లో అందరికంటే ఎక్కువ. కప్పు గెలిచారు, తర్వాతేడు మళ్ళీ గెలిచారు. 2016లో ప్లేఆఫ్స్ బెస్ట్ ప్లేయర్ అవార్డ్ మాత్రం క్రాస్బీకి ఇచ్చారు. దాని మీద మేము ఆఫీసులో వారం రోజులు కొట్టుకున్నాం. కెసెల్ మాత్రం గెలిచిన ఆ కప్పు, అదే స్టాన్లీ కప్పు, నిండా హాట్ డాగ్‌లు పోసి ఫొటో పెట్టాడు.