కంప్యూటర్ సందేహాలు: పాత సిస్టమ్‌ను పారేయవలసిందేనా?

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం విండోస్ 10 గురించినవే. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట వాటిని కలిపి ఒక ప్రశ్నగా ఇచ్చాము. ప్రత్యేకంగా చెప్పని చోట మెనూల పేర్లు విండోస్ 11లో ఉన్నట్టుగా రాశాము. విండోస్ 10లో వాటి చోటు కొద్దిగా మారవచ్చు.

ప్రశ్న: మా ఇంట్లో ఉన్నది నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్ ఉన్న డెస్క్‌టాప్. విండోస్ 10తో నడుస్తోంది. ఆన్ చేసిన చాలాసేపటికి గాని బ్రౌజర్ తెరుచుకోదు. దుకాణంలో అడిగితే దీనికి విండోస్ 11 ఎక్కదని, కొత్తది కొనుక్కోమని అన్నారు. పిల్లల చదువుకు, కరెంటు బిల్లు కట్టడానికి, ఉత్తరాలు రాసుకోవడానికి తప్ప మాకు దీనితో వేరే పని లేదు. నిజంగా పారేయవలసిందేనా?
— ఒక గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: దుకాణంవారు చెప్పినదానిలో మొదటి మాట నిజం, రెండో మాట తొందరపాటు. విండోస్ 11కు ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదో తరం గాని, ఆ తరువాతిది గాని ఉండాలి. దానితోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే సెక్యూర్ బూట్ సదుపాయం కూడా కావాలి. మీ నాలుగో తరం ప్రాసెసర్లు 2013లో వచ్చినవి కాబట్టి ఈ జాబితాలోకి రావు. తనిఖీని దాటవేసి విండోస్ 11ను ఎక్కించే అడ్డదారులు ఉన్నాయి గాని, అలా ఎక్కించిన కంప్యూటర్లకు అప్‌డేట్లు వస్తూనే ఉంటాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. పిల్లలు చదువుకునే కంప్యూటర్ మీద ఆ ప్రయోగం వద్దు.

మీకున్నవి రెండు వేర్వేరు సమస్యలు: ఒకటి నెమ్మదితనం, రెండోది భద్రత. వీటిని కలిపి చూడటం వల్లనే కొత్తది కొనడం తప్ప గత్యంతరం లేదనిపిస్తుంది.

ముందు నెమ్మదితనం సంగతి చూద్దాము. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలను ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో 'పర్ఫార్మెన్స్' భాగంలో, కంప్యూటర్ ఆన్ చేసిన తొలి నిమిషాలలో, ప్రాసెసర్ దాదాపు ఖాళీగా ఉండి డిస్క్ మాత్రం 100 శాతం దగ్గర నిలిచిపోయి కనిపిస్తే తప్పు ప్రాసెసర్‌ది కాదని అర్థం. హార్డ్ డిస్క్‌లో తిరిగే పళ్లెం మీద ఒక ముల్లు అటూ ఇటూ కదులుతూ సమాచారాన్ని చదవాలి. విండోస్ మొదలయ్యేటప్పుడు వేల సంఖ్యలో చిన్న చిన్న ఫైళ్లను చదవవలసి రావడం వల్ల కాలమంతా ఆ కదలికకే సరిపోతుంది. హార్డ్ డిస్క్‌కు బదులుగా వాడే ఎస్ఎస్‌డీ అనే డిస్క్‌లో కదిలే భాగమే లేదు. మీ కంప్యూటర్‌కు 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ ఒకటి పెట్టించి, ర్యామ్‌ను 8 జీబీకి పెంచండి. మీ మదర్‌బోర్డుకు పట్టేది డీడీఆర్3 ర్యామ్. అది పాత రకం కాబట్టి మామూలు షాపులలో దొరకకపోతే కంప్యూటర్ దుకాణాల సముదాయమైన సికింద్రాబాద్ సీటీసీలో అడిగి చూడండి. డిస్క్ మార్చితే విండోస్ లైసెన్స్ పోతుందన్న భయం అక్కరలేదు. విండోస్ 10 డిజిటల్ లైసెన్స్ ప్రధానంగా మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది గాని డిస్క్‌తో కాదు. పాత హార్డ్ డిస్క్‌ను ఫోటోలు దాచుకోవడానికి అదే పెట్టెలో ఉంచుకోవచ్చు.

ఇక భద్రత. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడుకునేవారికి అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం 2026 అక్టోబర్ 13 వరకు ఉంది. కంప్యూటర్‌లో విండోస్ 10 చివరి వెర్షన్ అయిన 22హెచ్2 ఉండి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి, మీ సెట్టింగ్స్‌ను ఆ ఖాతాకు అనుసంధానిస్తే డబ్బు కట్టకుండానే చేరవచ్చు. 'విండోస్ అప్‌డేట్' పేజీలోనే చేరే లింకు కనిపిస్తుంది.

ఆ గడువు కూడా తాత్కాలికమే కాబట్టి, మీరు చెప్పిన అవసరాలకు, విండోస్‌కు బదులుగా వాడుకోగల లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ సరిపోతుందని నా అభిప్రాయం. అది ఉచితం, 4 జీబీ ర్యామ్‌తో కూడా నడుస్తుంది, దాని మెనూ పాత విండోస్‌ను పోలి ఉంటుంది. 2024లో వచ్చిన మింట్ 22కు 2029 వరకు అప్‌డేట్లు ఇస్తారు. పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండానే దాని నుంచి కంప్యూటర్‌ను నడిపి చూడవచ్చు. మీ ప్రింటర్, వైఫై పనిచేస్తున్నాయో లేదో అప్పుడే తేల్చుకోండి. అయితే ఇంట్లో ఎవరైనా ట్యాలీలో లెక్కలు రాస్తున్నా, డిజిటల్ సంతకం టోకెన్‌తో పన్ను రిటర్నులు దాఖలు చేస్తున్నా మింట్‌కు మారవద్దు. ట్యాలీ విండోస్ కోసం తయారైనది, టోకెన్ల డ్రైవర్లతో లినక్స్‌లో తలనొప్పులు ఎదురవుతాయి. ఏ మార్పు చేసినా ముందుగా ఫోటోలు, పత్రాలు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోవడం తప్పనిసరి.

ప్రశ్న: రోజూ రాత్రి కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేసి, స్విచ్ కూడా ఆపేసి పడుకుంటాను. అయినా టాస్క్ మేనేజర్‌లో 'అప్ టైమ్' చూస్తే వారాలుగా నడుస్తున్నట్టు చూపిస్తోంది. కంప్యూటర్ పాడైందా, లేక వైరస్ ఏమైనా చేరిందా?
— ఒక విద్యార్థి, ఉప్పల్

జవాబు: రెండూ కావు. విండోస్ 8 నుంచి 'ఫాస్ట్ స్టార్టప్' అనే ఏర్పాటు ఉంది. షట్‌డౌన్ నొక్కినప్పుడు మీరు తెరిచిన ప్రోగ్రాములు మూతపడతాయి గాని, విండోస్ మూలభాగమైన కెర్నల్, డ్రైవర్లు ఏ స్థితిలో ఉన్నాయో ఆ స్థితిని యథాతథంగా డిస్క్ మీద ఒక ఫైల్‌లో భద్రపరచి కరెంటు ఆపుతుంది. మర్నాడు ఆ ఫైల్‌ను చదువుకుని అక్కడి నుంచి కొనసాగుతుంది కాబట్టి లెక్క తెగదు. 'రీస్టార్ట్' చేసినప్పుడు మాత్రం అంతా మొదటినుంచి మొదలవుతుంది. బ్లూటూత్ కనబడకపోవడం, ప్రింటర్ పలకకపోవడం వంటివి షట్‌డౌన్‌తో పోక రీస్టార్ట్‌తో పోవడానికి కారణం ఇదే.

దీనిని ఆపాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో 'పవర్ ఆప్షన్స్'లోకి వెళ్లి, 'చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ' నొక్కి, పైన ఉన్న లింకుతో మసకబారిన సెట్టింగ్స్‌ను తెరిచి, ఫాస్ట్ స్టార్టప్ ముందున్న టిక్కు తీసేయండి. ఎస్ఎస్‌డీ ఉన్నవారికి ఆన్ అయ్యే సమయంలో పెద్ద తేడా తెలియదు. ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ పెట్టుకున్నవారు దీనిని తప్పక ఆపాలి. లేకపోతే విండోస్ డ్రైవ్ సగం నిద్రలో ఉన్నట్టు లెక్క, లినక్స్ నుంచి అందులో ఫైళ్లు రాయడం ప్రమాదకరం.

ప్రశ్న: ఛత్తా బజార్‌లో పెళ్లిపత్రికలు వేసే దుకాణంలో డీటీపీ పని చేస్తాను. ఇన్నేళ్లూ పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతోనే పని. ఇప్పుడు పార్టీలు వాట్సాప్‌లో తెలుగు మేటర్ పంపుతున్నారు. దానిని పేజ్‌మేకర్‌లో పేస్ట్ చేస్తే అన్నీ ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. మా పాత ఫైళ్లను కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లీషు పిచ్చిగీతలు కనిపిస్తున్నాయి. నా వేళ్లకు ఆపిల్ కీబోర్డు అనే తెలుగు కీల అమరిక తప్ప వేరేది రాదు. ఏం చేయాలి?
— ఒక డీటీపీ ఆపరేటర్

జవాబు: మీ పాత ఫైళ్లలో నిజానికి తెలుగు అక్షరాలు లేవు. అనూ వంటి పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాలలో తెలుగు అక్షరాల ముక్కలను, అంటే తలకట్టు, గుడి, ఒత్తు వంటివాటిని, పెట్టుకున్నాయి. ఫైల్‌లో ఉండేది ఆ ఇంగ్లీషు సంకేతాలే. పైన తెలుగు ముసుగు వేసేది ఫాంటు. ఫాంటు లేని కంప్యూటర్‌లో ముసుగు జారిపోతుంది. వాట్సాప్‌లో వచ్చేది యూనికోడ్ తెలుగు. యూనికోడ్ అంటే ఒక్కో భాష అక్షరాలకు విడిగా సంకేతాలు కేటాయించిన ప్రమాణం. అందులో తెలుగుకు సొంతంగా 128 స్థానాలు ఉన్నాయి, కానీ ఒత్తులకు విడి స్థానాలు లేవు. క, పొల్లు, ష వరుసగా వస్తే వాటిని 'క్ష'గా కూర్చే బాధ్యత ఫాంటుది, సాఫ్ట్‌వేర్‌ది. 2001లో ఆఖరి వెర్షన్ వచ్చిన పేజ్‌మేకర్‌కు ఆ విద్య తెలియదు. ఎన్ని ఫాంట్లు ఎక్కించినా ఆ ప్రశ్నార్థకాలు పోవు.

పాత ఫైళ్లన్నిటినీ మార్చాలని కూర్చోవద్దు. పేజ్‌మేకర్, అనూ ఉన్న కంప్యూటర్‌ను ఇంటర్నెట్ తీసేసి పాత పనుల కోసం అలాగే ఉంచండి, కొత్త పనులు యూనికోడ్‌లో మొదలుపెట్టండి. తప్పనిసరిగా మార్చవలసిన మేటర్ ఉంటే అనూ నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. అయితే మార్చిన తరువాత ఒత్తులను, వట్రుసుడులను పంక్తి పంక్తిగా చదివి సరిచూసుకోవాలి. అంతకన్నా ముఖ్యంగా ముహూర్తం సమయం, తేదీ, ఫోన్ నంబర్లు చూడండి. మేటర్ మధ్యలో ఉన్న ఇంగ్లీషు అక్షరాలను, అంకెలను కూడా కన్వర్టర్ తెలుగు సంకేతాలుగా భ్రమపడే అవకాశం ఉంది. పెళ్లిపత్రికలో అచ్చుతప్పును పార్టీ క్షమించవచ్చు గాని ముహూర్తం తప్పితే క్షమించదు.

కొత్త పనికి పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడదలచుకుంటే, పేరాగ్రాఫ్ సెట్టింగ్స్‌లో 'వరల్డ్ రెడీ కంపోజర్' ఎంచుకుంటేనే ఒత్తులు సరిగా కూరుతాయి. చాలామంది ఇది తెలియకనే ఇన్‌డిజైన్‌లో తెలుగు రాదని వదిలేస్తున్నారు. అలాంటిదే ఉచితంగా కావాలంటే స్క్రైబస్ కొత్త వెర్షన్లు ఉన్నాయి. ఫాంట్ల కొరత ఇప్పుడు మునుపటిలా లేదు. సిలికానాంధ్ర అనే తెలుగు సంస్థ విడుదల చేసిన రామభద్ర, మల్లన్న, సురవరం, గిడుగు, శ్రీకృష్ణదేవరాయ వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. శీర్షికలకు, పేర్లకు అవి నిండుగా ఉంటాయి. ఫాంటు ఫైల్ మీద కుడి బటన్ నొక్కి 'ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్' ఎంచుకోండి. పాత వర్డ్ ఫైళ్లలోని గౌతమి ఫాంటు కనబడకపోతే బయట వెతకనక్కరలేదు. 'ఆప్షనల్ ఫీచర్స్'లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ ఎక్కించుకుంటే వస్తుంది.

ఇక కీబోర్డు. సెట్టింగ్స్‌లో 'టైమ్ అండ్ లాంగ్వేజ్', అందులో 'లాంగ్వేజ్ అండ్ రీజియన్'కు వెళ్లి తెలుగు చేర్చితే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వస్తుంది. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ విభాగం రూపొందించిన అమరిక ఇది. స్వరాలన్నీ ఎడమచేతికి, హల్లులలో అధికభాగం కుడిచేతికి వస్తాయి. షిఫ్ట్‌తో డి నొక్కితే అ, ఉత్త సి నొక్కితే మ, ఉత్త డి నొక్కితే పొల్లు. అంటే షిఫ్ట్‌తో డి, తరువాత సి, డి, సి వరుసగా నొక్కితే 'అమ్మ'. ఇంగ్లీషు ఉచ్చారణతో టైపు చేసేవారికి అదే చోట 'తెలుగు ఫొనెటిక్' కూడా ఉంది. విండోస్ కీతో స్పేస్ బార్ నొక్కి భాష మార్చుకోవచ్చు. కానీ ఇన్నేళ్లు ఆపిల్‌కు అలవాటుపడిన చేతిని ఇప్పుడు మార్చుకోమని నేను చెప్పను. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే కీబోర్డ్ లేఅవుట్ క్రియేటర్‌తో ఏ కీకి ఏ అక్షరం రావాలో మీరే నిర్ణయించి సొంత అమరిక తయారుచేసుకోవచ్చు. ఒకసారి ఓపికగా కూర్చుంటే దానిని ఎన్ని కంప్యూటర్లలోనైనా ఎక్కించుకోవచ్చు. లినక్స్‌లోనైతే పలు భాషల కీబోర్డు అమరికలు ఉన్న ఎం17ఎన్ పొట్లంలో తెలుగు ఆపిల్ అమరిక సిద్ధంగానే ఉంది.

మీ పనికి అక్కరకు వచ్చే మరొక సదుపాయం: విండోస్ కీతో వి నొక్కి క్లిప్‌బోర్డ్ హిస్టరీని ఆన్ చేయండి. మీరు కాపీ చేసిన చివరి 25 అంశాల వరకు అందులో నిలుస్తాయి. 'శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు' వంటి, ప్రతి పత్రికలోనూ వచ్చే పంక్తులను అక్కడే పిన్ చేసుకుంటే కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టినా పోవు.

ప్రశ్న: విండోస్ 11లో స్టార్ట్ బటన్ మధ్యలోకి వచ్చింది. కుడి బటన్ నొక్కితే పాత మెనూ రావడం లేదు. వీటిని సరిచేసే సాఫ్ట్‌వేర్ ఏదైనా కొనాలా?
— ఒక ఉద్యోగి, మలక్‌పేట

జవాబు: ఏమీ కొనవద్దు. టాస్క్‌బార్ ఖాళీ చోట కుడి బటన్ నొక్కి, 'టాస్క్‌బార్ సెట్టింగ్స్'లో 'టాస్క్‌బార్ బిహేవియర్స్' తెరిచి అలైన్‌మెంట్‌ను 'లెఫ్ట్'కు మార్చండి. పాత మెనూ కోసం షిఫ్ట్ పట్టుకుని కుడి బటన్ నొక్కండి. దానిని శాశ్వతంగా తెచ్చుకోవడానికి, విండోస్ తన సెట్టింగ్స్‌ను దాచుకునే రిజిస్ట్రీలో మార్పు చేయాలని కొందరు చెబుతారు. ఒక్క కీ నొక్కడం బద్ధకమై రిజిస్ట్రీని కదిలించడం నాకు సబబుగా తోచదు. కాదు, చేస్తామంటే ముందుగా, తేడా వస్తే పాత స్థితికి తిరిగి వెళ్లడానికి పనికివచ్చే రిస్టోర్ పాయింట్ పెట్టుకోండి. స్టార్ట్ మెనూలో 'క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్' అని వెతికితే వచ్చే చోట సీ డ్రైవ్‌కు రక్షణ ఆఫ్‌లో ఉంటే ముందు ఆన్ చేయాలి.

ప్రశ్న: నమస్కారం. నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. కంటి శస్త్రచికిత్స తరువాత తెర మీద అక్షరాలు చదవడం కష్టంగా ఉంది. మా మనవడు రిజల్యూషన్ తగ్గించాడు. అక్షరాలు పెద్దవయ్యాయి గాని అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి. విండోస్ మొత్తాన్ని తెలుగులోకి మార్చుకోవచ్చా?
— ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: మాస్టారూ, రిజల్యూషన్‌ను 'రికమెండెడ్' అని చూపించే విలువకే తిరిగి మార్పించండి. ఎల్‌సీడీ తెరకు దాని సహజ రిజల్యూషన్ తప్ప వేరేది పెడితే అక్షరాల అంచులు మసకబారతాయి. దానికి బదులు 'యాక్సెసిబిలిటీ'లో 'టెక్స్ట్ సైజ్' స్లైడర్‌ను జరపండి. అక్షరాలను 225 శాతం వరకు పెంచవచ్చు, స్పష్టత తగ్గదు. అక్కడే మౌస్ బాణాన్ని పెద్దది చేసి, తెల్లటి తెర మీద తేలికగా కనిపించే రంగు ఇవ్వవచ్చు. ఎప్పుడైనా ఒక చిన్న భాగాన్ని మాత్రమే పెద్దగా చూడాలనుకుంటే విండోస్ కీతో ప్లస్ నొక్కండి, భూతద్దం వస్తుంది. విండోస్ కీతో ఎస్కేప్ నొక్కితే పోతుంది.

తెలుగు మెనూల సంగతికి వస్తే, తెలుగు భాషా ప్యాక్ ఉచితంగానే దొరుకుతుంది, ఇంగ్లీషు విండోస్ మీద ఎక్కుతుంది. అయితే మీకు సాయం చేసేది మీ మనవడు కాబట్టి ఒక్క క్షణం ఆలోచించండి. అతను ఫోన్‌లో ఇంగ్లీషు పేర్లు చెబుతుంటే మీ తెర మీద తెలుగు పేర్లు ఉంటే ఇద్దరికీ ఇబ్బందే. మెనూలను ఇంగ్లీషులోనే ఉంచి, చదవవలసినదాన్ని వినడం మేలని నా సలహా. ఎడ్జ్ బ్రౌజర్‌లో ఏ తెలుగు పేజీనైనా తెరిచి కంట్రోల్, షిఫ్ట్, యు కీలు కలిపి నొక్కితే పైకి చదివి వినిపిస్తుంది. 'వాయిస్ ఆప్షన్స్'లో మోహన్ అనే పురుష కంఠం, శ్రుతి అనే స్త్రీ కంఠం తెలుగుకు ఉన్నాయి, వేగాన్ని కూడా అక్కడే తగ్గించుకోవచ్చు. ఇందుకు ఇంటర్నెట్ ఉండాలి. స్కాన్ చేసి బొమ్మలుగా పెట్టిన పాత పుస్తకాల పేజీలను మాత్రం అది ఇలా చదవలేదు.