ఆ పల్లెటూరి చర్చికి కిటికీలు అంత చిన్నవేంటి?

ప్రశ్న: ఫ్రాన్స్‌లో మా అమ్మాయి ఒక పల్లెటూరి పాత చర్చి చూపించిందండి, గోడలు బాగా లావు, కిటికీలు చిన్నవి, లోపలంతా చీకటి. మన మెదక్ చర్చిలా లేదేంటి?
- ఒక పాఠకురాలు, మల్కాజ్‌గిరి, హైదరాబాద్

జవాబు: మంచి డౌటమ్మా. అది బహుశా 11, 12 శతాబ్దాల నాటి రోమనెస్క్ అనే పాత యూరప్ పద్ధతి కట్టడం అయ్యుంటుంది. పైకప్పు కూడా రాయే, పీపాని నిలువునా చీల్చి బోర్లించినట్టు ఉంటుంది, ఆ బరువు గోడల్ని బయటికి తోస్తుంది కాబట్టి లావుగా కట్టి కిటికీలు తగ్గించేవాళ్ళు. తర్వాత వచ్చిన గోథిక్ అనే పద్ధతిలో మొనదేలిన ఆర్చీలొచ్చి బరువు స్తంభాల మీదకి పోయింది, కిటికీలు పెద్దవయ్యాయి, 1924లో ప్రారంభమైన మెదక్ చర్చిది ఆ పద్ధతే.

ఇంకోటి, ఫ్రాన్స్‌లో ప్రభుత్వాన్నీ మతాన్నీ వేరుచేసిన 1905 చట్టం నుంచి అక్కడి పాత ఊరి చర్చిలు ఎక్కువగా ఊరి పాలకమండలి ఆస్తి, కప్పు కారితే రిపేరు ఖర్చు వాళ్ళదే, చిన్న ఊళ్ళకి అది చాలా బరువు, తలుచుకుంటే నాకైతే బాధేస్తుంది.