శనక్కాయలు పడని బాబుకు ప్యాకెట్ చిరుతిళ్లు ఎలా కొనాలి?

ప్రశ్న: మాది కావలి. బాబుకు ఏడేళ్లు. నాలుగేళ్ల వయసులో వేరుశనగ చిక్కీ తిని పెదాలు వాచాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, వాంతులయ్యాయి. నెల్లూరులో పరీక్షలు చేయించి వేరుశనగ అలర్జీ అని తేల్చారు. అప్పట్నుంచి ఇంట్లోకి శనక్కాయలు రానివ్వడం లేదు. పోయిన నెల బజార్లో కారప్పూస ప్యాకెట్ కొనిచ్చాం. అందులో ఒక్క పలుకు కూడా లేదు. అయినా తిన్న పది నిమిషాలకే దగ్గు, ఆయాసం, దద్దుర్లు వచ్చాయి. ఆసుపత్రిలో ఇంజెక్షన్ చేస్తే తగ్గింది. భయం లేకుండా ఏ కంపెనీ చిరుతిళ్లు కొనొచ్చో పేర్లు చెప్పండి. శనగలు, శనగపిండి కూడా మానేయాలా? ఎనిమిది నెలల పాప కూడా ఉంది. తనకు శనక్కాయలు ఎప్పుడు పెట్టాలి?
– ఒక తల్లి, కావలి

జవాబు: అమ్మా, బాబును వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి మంచి పని చేశారు. ఆ పది నిమిషాలు మీరెంత భయపడి ఉంటారో ఊహించగలను. మీరు కంపెనీ పేర్లు అడిగారు. అవి నేను చెప్పను, ఎందుకో కూడా చెబుతాను. ఒకే బ్రాండ్ కారప్పూస రెండు మూడు ఊళ్లలోని వేర్వేరు ఫ్యాక్టరీల్లో తయారవుతుంది. ఒక చోట వేరుశనగ సరుకే ఉండదు, ఇంకో చోట పక్క మిషన్ మీదే మసాలా పల్లీలు నడుస్తుంటాయి. పైగా దినుసులు కూడా మారుతుంటాయి. ఈరోజు నేనొక పేరు చెబితే మీరు దాన్ని నమ్ముకుని ఏడాది పాటు చదవకుండా కొంటారు. నాకు భయం అక్కడే. కొన్న ప్రతిసారీ, చేతిలో ఉన్న ఆ ప్యాకెట్టునే చదవాలి. పోయిన వారం కొన్నదే అయినా మళ్లీ చదవాలి.

ముందు ఆ కారప్పూస సంగతి చూద్దాం. మీ ఉత్తరంలో 'ప్యాకెట్' అని రాశారు కానీ అది ఫ్యాక్టరీ ప్యాకెట్టా, కొట్టువాళ్లు కట్టిన కవరా అన్నది రాయలేదు. మన ఊళ్లలో మిఠాయి కొట్టు వెనక వంట ఎలా సాగుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. పెద్ద బాణలి నిండా నూనె కాగుతుంటుంది. పొద్దున మిక్చర్ కోసం శనక్కాయలు వేయించి జల్లిగంటెతో తీస్తారు. పొట్టు, విరిగిన పలుకుల నలుసులు నూనెలోనే ఉండిపోతాయి. మధ్యాహ్నం అదే నూనెలో కారప్పూస ఒత్తుతారు. చల్లారాక మిక్చర్ పళ్లేనికి ఆనుకునే ఇంకో పళ్లెంలో పోస్తారు. తూకం వేసే చేయి ఒకటే, గరిటా ఒకటే. తర్వాత ప్లాస్టిక్ కవర్లో పోసి, అంచు కాల్చి అతికించి, కొట్టు పేరున్న స్టిక్కర్ వేస్తారు. చూడ్డానికి అది ప్యాకెట్టే. మీ బాబుకు మాత్రం అది విడి సరుకుతో సమానం. వండినవాళ్ల తప్పని నేననను, వాళ్లకు ఈ అలర్జీ గురించి చెప్పినవాళ్లెవరు? కానీ మనం మాత్రం కొనకూడదు.

ఇంత చిన్న నలుసుకే అంత గొడవా అని చుట్టాలు అంటుంటారు. అలర్జీ తెప్పించేది వేరుశనగలోని ప్రోటీనే. ఒక వేరుశనగ పలుకులో అది దాదాపు పావు గ్రాము ఉంటుంది. అలర్జీ తీవ్రంగా ఉన్న కొందరు పిల్లలకు అందులో వందో వంతు కూడా చాలు. అది కంటికి కనపడదు. అందుకే పలుకులు ఏరేసి మిగతాది పెట్టడం ఎప్పటికీ పనికిరాదు. మీరు ఏరకపోయినా, పెళ్లిలోనో గుళ్లోనో పులిహోర పెట్టేటప్పుడు పెద్దవాళ్లు ప్రేమకొద్దీ ఆ పని చేస్తారు. ముందే చెప్పి ఉంచండి.

ఇక ప్యాకెట్ చదవడం. దాన్ని వెనక్కి తిప్పండి. ముందు 14 అంకెల లైసెన్స్ నంబరు, తయారుచేసిన చోటి చిరునామా, బ్యాచ్ నంబరు, తేదీ ఉన్నాయా చూడండి. ఇవి లేని కవరును అక్కడే వదిలేయండి. తర్వాత 'ఇంగ్రీడియెంట్స్' దగ్గరకు రండి. ఎక్కువ బరువున్న దినుసు ముందు, తక్కువది చివర రాస్తారు. మనకు మొదటి రెండూ చదివి వదిలేసే అలవాటు, కానీ మీరు చివరి మాట వరకూ చదవాలి. ఒక్కో ఊళ్లో ఒక్కో పేరున్నట్టే ప్యాకెట్ మీదా దీనికి రకరకాల పేర్లుంటాయి. మనం శనక్కాయలంటాం, మార్కాపురం, గిద్దలూరు వైపు బుడ్డలంటారు, హైదరాబాదులో పల్లీలంటారు. ప్యాకెట్ మీద 'పీనట్', 'గ్రౌండ్‌నట్', ఉత్తరాది సరుకైతే 'మూంగ్‌ఫలీ' అని ఉంటుంది. మందుల మీద, చర్మానికి పూసే నూనెల మీద 'అరాచిస్ ఆయిల్' అని రాస్తే అదీ వేరుశనగ నూనే. చెవి చుక్కలు, క్రీములు రాయించుకునేటప్పుడు డాక్టరుకు బాబు అలర్జీ సంగతి చెప్పడం మర్చిపోకండి.

దినుసుల కింద 'కంటైన్స్' అని మొదలయ్యే ఒక లైను ఉంటుంది. 2020లో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (మన దేశంలో ఆహార భద్రతను చూసే సంస్థ) లేబులింగ్ నిబంధనల ప్రకారం పాలు, గుడ్లు, చేపలు, గోధుమ లాంటి ధాన్యాలు, సోయా, వేరుశనగ, జీడిపప్పు, బాదం వంటివి వాడితే ఆ సంగతి విడిగా రాయాలి. 'కంటైన్స్ పీనట్స్' అని ఉంటే ఇక ఆలోచించాల్సింది లేదు. 'మే కంటైన్ పీనట్స్', 'ట్రేసెస్ ఆఫ్ నట్స్' లాంటి మాటలుంటే, ఆ ఫ్యాక్టరీలో వేరుశనగ తిరుగుతోంది, ఇందులోకి చేరి ఉండొచ్చని అర్థం. చాలామంది దాన్ని సిగరెట్ పెట్టె మీది హెచ్చరికలాగా చూసి వదిలేస్తారు. ఒకసారి తిని ఆయాసం దాకా వెళ్లిన మీ బాబుకు ఆ ప్యాకెట్ వద్దు. పదిసార్లు ఏమీ కాకపోవచ్చు, పదకొండో ప్యాకెట్లో పలుకు పడొచ్చు.

ఆ మాట లేనంత మాత్రాన వేరుశనగ లేదని కాదు. ప్యాకెట్ మీద కస్టమర్ కేర్ నంబరు ఉంటుంది కదా, దానికి ఫోన్ చేయండి. 'మీది సేఫేనా' అని అడిగితే 'సేఫేనండీ' అంటారు. అలా కాకుండా 'ఈ సరుకు తయారయ్యే మిషన్ మీద వేరుశనగ సరుకు కూడా నడుస్తుందా? నడిస్తే మధ్యలో కడుగుతారా? ఏ నూనెలో వేయిస్తారు?' అని అడగండి. బ్యాచ్ నంబరు కూడా చెప్పండి. సూటిగా జవాబు రాకపోతే ఆ సరుకు మీకు పనికిరాదు. ఫోన్ చేయడానికి మొహమాటపడకండి.

పిల్లలు కొనుక్కునే బుల్లి ప్యాకెట్ల గురించి ఒక మాట. వంద చదరపు సెంటీమీటర్లకు మించని చిన్న ప్యాకెట్ మీద దినుసుల జాబితా వేయకపోయినా నిబంధనలు ఒప్పుకుంటాయి. ఆ వివరాలు పెద్ద ప్యాకెట్ మీద ఉంటాయి. అంటే కొట్టువాడు అట్టపెట్టెలోంచి తీసి చేతిలో పెట్టే చాక్లెట్ మీద, మీరెంత వెతికినా ఏముందో కనపడకపోవచ్చు. స్కూల్లో పుట్టినరోజుకు పంచేవి సరిగ్గా ఇవే. బాబుకు ఒక అలవాటు నేర్పండి: 'థ్యాంక్యూ' చెప్పి తీసుకుని, జేబులో పెట్టుకుని, ఇంటికి తేవాలి. మీరు చూశాకే తినాలి. బదులుగా తినడానికి వాడి టీచరు దగ్గర ఇంటి చిరుతిళ్ల డబ్బా ఒకటి ఉంచండి. ఏడేళ్ల పిల్లాడికి అందరూ తింటుంటే చూస్తూ కూర్చోవడం చాలా కష్టం. ఆ డబ్బా ఉంటే వాడు తట్టుకుంటాడు.

శనగల మీద మీ అనుమానం సహజం. పేర్లో శనగ ఉంది కాబట్టి చాలామంది తల్లులు ఇదే అడుగుతారు. వేరుశనగ, శనగ రెండూ పప్పుజాతివే కానీ వేర్వేరు మొక్కలు. వేరుశనగ పడని పిల్లల్లో ఎక్కువమందికి కందిపప్పు, పెసరపప్పు, శనగపప్పు బాగానే పడతాయి. బాబు ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేకుండా తింటున్నవి మానేయకండి. అయితే శనగలు ఎక్కడ వేయించారన్నది ముఖ్యం. బొరుగుల బట్టీ చూశారా? వేడి ఇసుకలో బొరుగులు, శనగలు, పుట్నాలు, శనక్కాయలు ఒకదాని తర్వాత ఒకటి వేయించి జల్లెడ పడతారు. ఇసుక అదే, జల్లెడ అదే. అందుకని విడిగా అమ్మే వేయించిన శనగలు, బొరుగులు బాబుకు వద్దు. పచ్చి శనగలు తెచ్చి, ఏరి, కడిగి, ఇంట్లో ఉడకబెట్టి తాలింపు పెట్టండి. శనగపిండి కూడా కొనకుండా, శనగపప్పు ఇచ్చి మిల్లులో పట్టించుకోండి. మిల్లు వాళ్లు మీకు ముందు ఏం ఆడారో అడగండి.

నూనె సంగతి కొంచెం చిక్కు. బాగా రిఫైన్ చేసిన వేరుశనగ నూనెలో ప్రోటీన్ దాదాపు ఉండదు, చాలామందికి ఏమీ చేయదు. కానీ ఇప్పుడు ప్రతి ఊళ్లో మొదలైన గానుగ నూనెలో ప్రోటీన్ మిగిలి ఉంటుంది. ఆరోగ్యానికి మంచిదని గానుగ నూనెతో చేసిన జంతికలు ఎవరైనా తెస్తే, మీ బాబుకు పెట్టొద్దు. ప్యాకెట్ మీద పొద్దుతిరుగుడు, పామ్, తవుడు నూనె అని స్పష్టంగా ఉన్నవే తీసుకోండి. ఇంట్లో వండేందుకు పొద్దుతిరుగుడు నూనె చాలు. మురుకులు, చెక్కలు ఆదివారం పూట ఇంట్లో ఒత్తుకుని డబ్బాలో పోసుకుంటే వారమంతా నిశ్చింత. చెక్కల్లోకి శనగపప్పు వేయండి.

బళ్లో మధ్యాహ్న భోజనంతో పాటు చిక్కీ ఇస్తారు. బాబు చదివేది ప్రభుత్వ బడి అయితే, హెడ్‌మాస్టరుకు నోటితో చెప్పి ఊరుకోకుండా కాగితం మీద రాసివ్వండి, డాక్టరు చీటీ జత చేయండి. వంట చేసే అక్కలకు కూడా మీరే వెళ్లి చెప్పండి. చిక్కీ తిన్న పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కునేలా చూడమని టీచరును అడగండి. శానిటైజర్ రాస్తే వేరుశనగ పోదు, సబ్బు, నీళ్లు కావాలి. రైల్లోనో బస్టాండులోనో ఉడకబెట్టిన శనక్కాయల బుట్ట పక్కనుంచి వెళ్లినా భయపడకండి. వట్టి వాసనకు ప్రాణం మీదకు రావడం చాలా అరుదు. తిన్నచోట సీటు తుడిచి, బాబు చేతులు కడిగించండి. ఉడికించినవైతే ఫర్వాలేదని ఎవరన్నా చెబితే మాత్రం నమ్మొద్దు. కొంచెం కొంచెం పెట్టి అలవాటు చేద్దామన్నా ఒప్పుకోవద్దు. అలాంటి చికిత్స ఉంది, కానీ అది నిపుణుల దగ్గర కొలిచిన మోతాదులతో చేసేది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఎంత చదివినా ఒకరోజు పొరపాటు జరగొచ్చు. దద్దుర్లతో పాటు దగ్గు, ఆయాసం, గొంతు బొంగురు, ఆగని వాంతులు, కళ్లు తిరగడం, నీరసంగా వాలిపోవడం, వీటిలో ఏది వచ్చినా దాన్ని అనఫిలాక్సిస్‌గానే, అంటే ప్రాణం మీదకు తెచ్చే తీవ్రమైన అలర్జీగానే లెక్కించాలి. దానికి మందు అడ్రినలిన్, తొడ బయటివైపు కండలోకి ఇచ్చే ఇంజెక్షన్. పిల్లల్లో కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము, ఒక మోతాదు 0.3 మిల్లీగ్రాములకు మించకూడదు. ఎవిల్, సెట్రిజిన్ లాంటి అలర్జీ మాత్రలు దురదను తగ్గిస్తాయి, ఊపిరి ఆగకుండా కాపాడలేవు. మాత్ర వేసి చూద్దామని కూర్చుంటే విలువైన నిమిషాలు పోతాయి. వెంటనే 108కి ఫోన్ చేసి 'అలర్జీ, ఊపిరి ఆడట్లేదు' అని చెప్పండి. బాబును పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టండి, ఆయాసంగా ఉంటే కూర్చోనివ్వండి, నడిపించొద్దు. పిల్లలకు టీకాలు వేసే చోట అడ్రినలిన్ కిట్ ఉండాలి కాబట్టి మీకు దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఎక్కడో, ఎన్ని గంటల వరకు తెరిచి ఉంటుందో ఇప్పుడే కనుక్కోండి. తగ్గినా కొన్ని గంటలు ఆసుపత్రిలోనే ఉంచాలి, కొందరికి రెండోసారి తిరగబెడుతుంది.

రెండుసార్లు ఇలా జరిగింది, రెండోసారి ఆయాసం కూడా వచ్చింది. కాబట్టి అడ్రినలిన్ ఇంట్లో ఉంచుకోవడం గురించి మీ డాక్టరుతో తప్పకుండా మాట్లాడండి. పెన్నులాంటి ఇంజెక్షన్ మన మెడికల్ షాపుల్లో సులువుగా దొరకదు. ఆంప్యూల్ (మందున్న చిన్న గాజు సీసా), సిరంజి ఇచ్చి, బాబు బరువుకు ఎంత గీత వరకు ఎక్కించాలో రాసిచ్చి, మీ చేత ఆయన ఎదుటే రెండు మూడుసార్లు నీళ్లతో చేయించమని అడగండి. నేర్చుకోకుండా సొంతంగా మాత్రం చేయొద్దు. బాబుకు ఉబ్బసం ఉంటే ప్రమాదం ఎక్కువ, దాని మందులు ఆపకండి.

పోయిన నెల కవరు ఇంకా ఉంటే పారేయకండి. ఇక ముందు ఏ ప్యాకెట్ వల్ల ఇలా జరిగినా మిగిలిన తిండితో సహా కవరును మూతి కట్టి దాచండి, బ్యాచ్ నంబరు ఫోటో తీయండి. లేబుల్ మీద లేని వేరుశనగ లోపల ఉందనిపిస్తే జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారులకు గానీ, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు గానీ చెప్పొచ్చు.

పాప విషయానికొస్తే, అన్నకు ఉందని చెల్లికి ఉండి తీరాలని లేదు. ఏళ్ల తరబడి దాచి ఉంచడం మంచిదనుకునేవాళ్లం. 2015లో పసిపిల్లల మీద వచ్చిన 'లీప్' అనే అధ్యయనం ఆ ఆలోచన మార్చింది. అలర్జీ ముప్పు ఎక్కువున్న పసిపిల్లలకు 4 నుంచి 11 నెలల మధ్య వేరుశనగ మొదలుపెట్టి, ఐదేళ్ల వరకూ ఇస్తూ ఉంటే, అలర్జీ దాదాపు ఐదింట నాలుగు వంతులు తగ్గింది. అందుకని పాపకు ఆలస్యం చేయకండి, అలాగని ఇంట్లో మీకు మీరే మొదలుపెట్టకండి. తనకు గజ్జిలాంటి ఎగ్జిమా గానీ, గుడ్డు పడకపోవడం గానీ ఉంటే ముందు పరీక్ష అవసరం కావొచ్చు. మొదటి ముద్ద డాక్టరు దగ్గరే పెట్టించండి, మెత్తగా నూరి నీళ్లలో పల్చగా కలిపినదే. పలుకులు వద్దు, గొంతులో అడ్డం పడతాయి. తర్వాత ఇంట్లో పెట్టేటప్పుడు బాబు బడికెళ్లిన వేళ పెట్టి, గిన్నె, చెంచా వేరుగా ఉంచి, పాప మూతి, మీ చేతులు సబ్బుతో కడగండి. ఆ డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు బాబు పాత రిపోర్టులు, దాచిపెట్టిన ఆ కారప్పూస కవరు కూడా సంచిలో పెట్టుకుని వెళ్లండి.