ఈసీయూ పాడైందని తేల్చే ముందు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది పదేళ్లు దాటిన పెట్రోలు కారు. ఇంజిన్ బాగా వేడెక్కాక ఉన్నట్టుండి ఆగిపోతుంది. అరగంట చల్లారనిస్తే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. ఆగిపోయినప్పుడు కొన్నిసార్లు తాళం తిప్పినా చెక్ ఇంజిన్ దీపం వెలగడం లేదు, స్కానర్ పెడితే ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) నుంచి జవాబు రావడం లేదు. ఈసీయూ మార్చాలని మెకానిక్ అంటున్నారు. ఆ మాట ఖాయం చేసుకునేదెలా?

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన సమాచారం చివర్లో ఉంది. వేడికి ఆగి, చల్లారాక స్టార్టయ్యే కార్లలో మొదట అనుమానించవలసింది ఇంజిన్ తిరిగే వేగాన్ని ఈసీయూకు చెప్పే క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్‌ను. దాని లోపలి తీగచుట్ట వేడికి తెగినట్టయి, చల్లబడ్డాక మళ్లీ కలుస్తుంది. అయితే ఆ సెన్సర్ పోయినా ఈసీయూ మేలుకునే ఉంటుంది కాబట్టి స్కానర్‌తో మాట్లాడుతుంది, సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఇంజిన్ వేగం సున్నా అని చూపిస్తుంది. మీ కారులో అసలు పలుకే లేదంటే, ఈసీయూకు కరెంటైనా అందడం లేదు, లేదా అందినా అది పనిచేయడం లేదు. ఈ రెండింటిలో ఏది నిజమో లోపం బయటపడి ఉన్న ఆ అరగంటలోనే తేలుతుంది. కారు చక్కగా నడుస్తున్నప్పుడు ఎన్ని కొలతలు తీసుకున్నా ఉపయోగం లేదు కనుక మల్టీమీటరూ, స్కానరూ, వైరింగ్ బొమ్మా దగ్గర పెట్టుకుని కారు ఆగేదాకా ఓపిక పట్టమని మీ మెకానిక్‌ను అడగండి.

మొదట బ్యాటరీ చూడాలి. ఇంజిన్ ఆపి కాసేపు ఉంచాక సుమారు 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తున్నప్పుడు చాలా కార్లలో 13.5 నుంచి 14.5 వోల్టులు ఉండాలి. తర్వాత ఈసీయూ కనెక్టర్ దగ్గరికి వెళ్లాలి. అక్కడికి సాధారణంగా బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండే సరఫరా ఒకటి, తాళం తిప్పితే వచ్చేది ఒకటి, మెయిన్ రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) ద్వారా వచ్చేది ఒకటి ఉంటాయి. వీటితో పాటు ఒకటికి మించిన ఎర్త్ తీగలు ఉంటాయి. వేడెక్కినప్పుడు కాంటాక్టు వదిలే మెయిన్ రిలే, మీరు రాసిన లక్షణాలన్నిటినీ ఒక్కటే తెచ్చిపెట్టగలదు.

ఈ కొలతల్లో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. మల్టీమీటర్ దాదాపు కరెంటు తీసుకోదు కాబట్టి, తీగలోని పోగులన్నీ చిలుము పట్టి తెగిపోయి ఒక్క పోగే మిగిలినా అది నిండుగా 12 వోల్టులు చూపిస్తుంది. అందుకని ఈసీయూ ప్లగ్గు ఊడదీసి, సరఫరా పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య బ్రేకు దీపానికి వాడే 21 వాట్ల బల్బు కలిపి చూడాలి. దాదాపు 1.75 ఆంపియర్లు లాగే ఆ బల్బు తెల్లగా వెలిగితే ఆ తీగలు నమ్మదగినవి. ఎర్రగా మినుకుమన్నా, వెలగకపోయినా లోపం తీగలోనో, రిలేలోనో, ఎర్త్ బిగించిన బోల్టు దగ్గరో ఉంది. మెయిన్ రిలేను చాలా కార్లలో ఈసీయూయే కలుపుతుంది గనుక, ప్లగ్గు తీశాక ఆ పిన్నుకు కరెంటు రాకపోవడం సహజమే. వైరింగ్ బొమ్మ చూసి రిలేను విడిగా కలిపి అప్పుడు బల్బు పెట్టాలి. లావుపాటి సూదులను కనెక్టర్ రంధ్రాల్లోకి దూర్చనివ్వకండి. లోపలి రేకు సాగిపోతే లేని లోపం కొత్తగా పుడుతుంది.

ఎర్త్‌ను ప్లగ్గు తగిలించే ఉంచి, తాళం తిప్పి ఆన్‌లో ఉంచి కొలవాలి. ఈసీయూ ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య 0.1 వోల్టు దాటితే ఎర్త్ దారిలో అడ్డంకి ఉన్నట్టే.

సరఫరా, ఎర్త్ రెండూ బాగున్నా స్కానర్‌కు జవాబు లేకపోతే అప్పుడు కూడా తొందరపడకూడదు. ఈసీయూ చాలా సెన్సర్లకు 5 వోల్టుల సరఫరా తానే ఇస్తుంది. ఆ తీగ ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలినా, ఒక్క సెన్సర్ లోపల షార్టయినా ఆ 5 వోల్టులు కుప్పకూలి, కొన్ని కార్లలో ఈసీయూ పూర్తిగా మూగబోతుంది. ఆ వోల్టేజీని కొలుస్తూ సెన్సర్ల ప్లగ్గులు ఒక్కొక్కటే తీసుకుంటూ పోవాలి. ఏది తీయగానే 5 వోల్టులు తిరిగి వస్తుందో దోషం దానిదే. ఏసీ గ్యాసు పీడనాన్ని కొలిచే సెన్సర్ కూడా కొన్ని కార్లలో ఇదే తీగ మీద ఉంటుంది కనుక దాన్ని మరిచిపోకూడదు.

మీ కారులో కాన్ వైరింగ్ (కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు తీగలు) ఉంటే, బ్యాటరీ నెగెటివ్ విప్పి, స్కానర్ తగిలించే సాకెట్‌లో 6వ, 14వ పిన్నుల మధ్య నిరోధం కొలవండి. సాధారణంగా సుమారు 60 ఓములు రావాలి. 120 వస్తే ఆ తీగల రెండు కొసల్లో ఉండే నిరోధాల్లో ఒకటి అందుబాటులో లేదని అర్థం. సున్నాకు దగ్గరగా వస్తే ఆ రెండు తీగలూ ఎక్కడో కలిసిపోయాయి.

స్కానర్ చూపే లోపాల కోడ్‌ల సంగతి కూడా చెప్పాలి. యూ 0100 అంటే మిగతా కంప్యూటర్లకు ఈసీయూ మాట వినపడలేదని మాత్రమే. ఎందుకు వినపడలేదో ఆ కోడ్ చెప్పదు. పీ 0601, పీ 0606 వంటివి ఈసీయూ లోపలి మెమరీకి, ప్రాసెసర్‌కు సంబంధించినవే గాని, బ్యాటరీ నీరసించినప్పుడు కూడా అవి పడవచ్చు. బ్యాటరీని సరిచేసి, కోడ్ తుడిచాక మళ్లీ వస్తేనే లెక్కలోకి తీసుకోవాలి. ఇవన్నీ దాటి వచ్చాక, వేడిగా ఉన్నప్పుడు మాత్రమే మూగబోతున్న ఈసీయూను నేనూ తప్పుపడతాను. లోపల టంకం బీటలు వారడం, నీరు చేరి సర్క్యూట్ పలక మీద పచ్చటి చిలుము పట్టడం, 1980, 90ల నాటి పెట్టెల్లో కెపాసిటర్లు కారడం వంటివి అప్పుడు దొరుకుతాయి. ఈ వరుస పాటించకుండా అనుమానం మీదే ఖరీదైన భాగాన్ని కొనిపించడం యజమానికి అన్యాయమని గట్టిగా నమ్ముతాను.

ప్రశ్న: ఒక ఇంజెక్టర్ పనిచేయడం లేదని ఈసీయూ మార్పించాము. కొద్ది రోజులకే కొత్తదానిలోనూ అదే ఇంజెక్టర్ ఆగిపోయింది. నాసిరకం ఈసీయూ ఇచ్చారా?

జవాబు: అదే సిలిండర్ మళ్లీ ఆగిందంటే నేరం ఈసీయూది కాకపోవచ్చు. ఇంజెక్టర్‌ను నడిపే ట్రాన్సిస్టర్‌కు కొంత కరెంటును మోసే శక్తే ఉంటుంది. ఇంజెక్టర్ తీగచుట్ట లోపల షార్టయితే నిరోధం పడిపోయి, కరెంటు పెరిగి ట్రాన్సిస్టర్ కాలిపోతుంది. సిలిండర్ తలకు ముందున్న పైపులోకి పెట్రోలు చిమ్మే మామూలు ఇంజెక్టర్లలో ఎక్కువ వాటికి 12 నుంచి 16 ఓములు ఉంటుంది. మీ నాలుగింటినీ చల్లగా ఉన్నప్పుడు, వేడిగా ఉన్నప్పుడు కొలిచి పోల్చండి. ఒకటి మిగతావాటి కంటే బాగా తక్కువ చూపితే అదే కారణం. ఇంజెక్టర్లన్నీ సమంగా ఉంటే ఆగిపోయిన ఇంజెక్టర్ నుంచి ఈసీయూకు వెళ్లే తీగ ఎక్కడైనా నలిగి పాజిటివ్ తీగకు తగులుతోందేమో వెతకాలి. ఇగ్నిషన్ కాయిల్‌కూ ఇదే వర్తిస్తుంది. పాతదాన్ని చంపింది ఏమిటో తెలియకుండా మూడో ఈసీయూ బిగించవద్దు.

ప్రశ్న: అదే మోడల్ కారు నుంచి తీసిన పాత ఈసీయూ బిగిస్తే, ఇంజిన్ స్టార్టయి రెండు సెకన్లలో ఆగిపోతోంది. ఇది కూడా చెడిపోయిందా?

జవాబు: స్టార్టయి వెంటనే ఆగడం చాలా కార్లలో దొంగతనాన్ని అడ్డుకునే ఇమ్మొబిలైజర్ పని. ఆ ఈసీయూ తన పాత కారు తాళాన్నే గుర్తుపడుతుంది, మీ తాళం దానికి పరాయిది. పైగా చూడటానికి ఒకే పెట్టెలా ఉన్నా, గేర్‌బాక్సు రకాన్ని బట్టి లోపలి సాఫ్ట్‌వేర్ మారుతుంది. చీటీ మీది హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ సంఖ్యలు రెండూ మీ పాతదానితో సరిపోయాయో లేదో ముందు చూసుకోండి. సరిపోతే రెండు దారులున్నాయి: కంపెనీ పరికరంతో ఈ ఈసీయూను మీ కారుకు, తాళాలకు జతచేయించడం, లేదా మీ పాత ఈసీయూ మెమరీలోని సమాచారాన్ని దీనిలోకి ఎక్కించడం. కొన్ని కార్లలో ఒకసారి వేరే కారుకు జతపడిన ఈసీయూ మొదటి దారికి ఒప్పుకోదు. మీ కారు సొంత ఈసీయూ పలక నీటికి చిలుము పట్టి పాడైపోయి ఉండకపోతే దాన్నే బాగుచేయించడాన్ని నేను ముందు పరిశీలిస్తాను, ఎందుకంటే తాళాల సమాచారమంతా అందులోనే భద్రంగా ఉంటుంది.

ఏ దారి పట్టినా, ప్లగ్గు తీసే ముందు బ్యాటరీ నెగెటివ్ విప్పాలి, పిన్నులను వేళ్లతో తాకకూడదు. ప్రోగ్రామ్ ఎక్కిస్తున్నంతసేపూ స్థిరమైన వోల్టేజీ ఇచ్చే సపోర్టు యూనిట్ తగిలించి ఉండాలి, మధ్యలో బ్యాటరీ దిగిపోతే బాగున్న ఈసీయూ కూడా పనికిరాకుండా పోవచ్చు. తర్వాత కారును బట్టి థ్రాటిల్ లెర్నింగ్ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ స్థానాన్ని ఈసీయూకు నేర్పడం) చేయించాలి. అంతవరకు, చెడిపోయిందన్న మీ పాత ఈసీయూను మార్పిడి కింద ఎవరికీ ఇచ్చేయకండి. కొత్తదానిలోకి ఎక్కించవలసిన సమాచారం దాని దగ్గరే ఉంది.