మన జట్లు కప్పు గెలిచినప్పుడల్లా మనం అక్కడ లేం

"మూతపడిపోయిన టీమ్స్‌లో, జనం మర్చిపోయిన ప్లేయర్స్‌లో మీకు ఇప్పటికీ గుర్తుండిపోయింది ఎవరు, ఎందుకు?" అని అడిగారు కదా. నాకైతే ముందు గుర్తొచ్చేది డెక్కన్ చార్జర్స్, సన్‌రైజర్స్ కంటే ముందున్న మన హైదరాబాద్ ఐపీఎల్ టీమ్. పేరు అందరికీ తెలుసు, గిల్‌క్రిస్ట్ కెప్టెన్ అనీ తెలుసు, ఇక మర్చిపోయిందేముంది అంటారేమో. కానీ ఇప్పుడు కాలేజీలో ఉన్న పిల్లల్ని హైదరాబాద్ ఐపీఎల్ ఎన్నిసార్లు గెలిచింది అని అడగండి, ఒకసారి, 2016 అంటారు. రికార్డుల్లోనూ అంతే, సన్‌రైజర్స్ లెక్క వేరు, చార్జర్స్ లెక్క వేరు. 2009 కప్పు విన్నర్స్ లిస్టులో ఒక లైన్‌గా ఉంటుంది, దాన్ని మాది అని చెప్పుకునే టీమే ఇప్పుడు లేదు.

నేను అప్పుడు ఇంజనీరింగ్‌లో ఉన్నా. 2008 ఏప్రిల్ 24న ఉప్పల్‌లో రాజస్థాన్ రాయల్స్‌తో మ్యాచ్, ఫ్రెండ్స్ నలుగురం కలిసి వెళ్లాం. కెప్టెన్ మన లక్ష్మణ్. సైమండ్స్ ఆ రోజు ఆడిన ఆట నేను చచ్చేదాకా మర్చిపోను, 53 బంతుల్లో 117 నాటౌట్, బంతి మా స్టాండ్ వైపు వస్తుంటే జనం చేతులెత్తి లేచేవాళ్లు, కూర్చుని చూసిన ఓవర్ ఒక్కటీ లేదు. 214 కొట్టాం, గెలిచేశాం అనుకున్నాం. తర్వాత యూసుఫ్ పఠాన్ వచ్చి కొట్టుడు మొదలుపెట్టాడు, అయినా ఆఖరి ఓవర్‌కి 17 కావాలి. బంతి ఎవరి చేతికిచ్చారంటే మళ్లీ సైమండ్స్‌కే. ఎదురుగా షేన్ వార్న్. బౌలర్‌గా ప్రపంచం మొక్కే మనిషి, ఆ రోజు బ్యాట్‌తో వరసగా బౌండరీలు బాది ఇంకో బంతి ఉండగానే మ్యాచ్ పట్టుకెళ్లిపోయాడు. స్టేడియంలో ఒక్కసారి సౌండ్ ఆగిపోయింది. నాకు బాగా గుర్తున్నది ఏంటంటే, సైమండ్స్ పిచ్ పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు, సెంచరీ కొట్టింది తనే, మ్యాచ్ పోయింది తన ఓవర్‌లోనే. బయటికొచ్చేటప్పుడు ఎవరూ తిట్టలేదు, అందరూ ఆ సెంచరీ గురించే మాట్లాడుకుంటూ నడిచారు.

ఆ సీజన్ అంతా అదే కథ, సొంత గ్రౌండ్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు, 14లో 2 గెలిచి అట్టడుగున ఉన్నారు. తర్వాతి ఏడాది ఎలక్షన్ల వల్ల టోర్నమెంట్ సౌత్ ఆఫ్రికాకి వెళ్లిపోయింది, అదే టీమ్ అక్కడ కప్పు కొట్టింది. హాస్టల్ టీవీ రూమ్‌లో చూశా మొత్తం. రోహిత్ శర్మ ముంబై మీద హ్యాట్రిక్ తీశాడు, నిజంగా, బౌలింగ్‌లో, 6 పరుగులకి 4 వికెట్లు! కోల్‌కతా మీద ఆఖరి ఓవర్‌కి 21 కావాలంటే ఆఖరి బంతికి సిక్స్ కొట్టి లేపేశాడు. సెమీస్‌లో గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85, ఢిల్లీ బౌలర్లు ఏం వేయాలో తెలీక చూస్తూ ఉండిపోయారు. ఫైనల్లో మాత్రం మొదటి ఓవర్లోనే కుంబ్లేకి సున్నాకి అవుటైపోయాడు, 143 మాత్రమే కొట్టాం, గిబ్స్ ఒక చివర పట్టుకుని 53 నాటౌట్. బెంగళూరు 137 దగ్గర ఆగిపోయింది, ఆరు పరుగులతో గెలిచాం. అర్ధరాత్రి దాటాక హాస్టల్ మెట్ల మీద పళ్లాలు కొడుతూ దిగాం.

ఆ తర్వాత ఏమైంది? 2010లో ఛాంపియన్లుగా సొంతూరికి రావాల్సిన టీమ్, అప్పటి పరిస్థితుల్లో హోమ్ మ్యాచ్‌లు నాగ్‌పూర్‌కి, కటక్‌కి, నవీ ముంబైకి వెళ్లిపోయాయి. అంటే కప్పు గెలిచిన ఆ జట్టు ఉప్పల్‌లో ఐపీఎల్ ఆడుతుంటే చూసి చప్పట్లు కొట్టే అవకాశమే మాకు దొరకలేదు. మళ్లీ 2011లో వచ్చేసరికి వేలం జరిగిపోయింది, రోహిత్ లేడు, గిల్‌క్రిస్ట్ లేడు, సైమండ్స్ లేడు. 2012 సెప్టెంబర్‌లో బోర్డు ఫ్రాంచైజీ రద్దు చేసింది, అక్టోబర్‌లో సన్ టీవీ వాళ్లు ఏడాదికి 85.05 కోట్లకి హైదరాబాద్ టీమ్ కొనుక్కున్నారు, రంగు మారింది, పేరు మారింది, ఐదేళ్లలో అంతా అయిపోయింది.

స్టార్లకి దీనివల్ల పోయిందేం లేదు. స్టెయిన్, ధవన్, సంగక్కర లాంటివాళ్లు కొత్త టీమ్‌లోకి వచ్చేశారు, రోహిత్ సంగతి చెప్పక్కర్లేదు. పోయింది ఎవరికంటే మధ్యలో ఉన్నవాళ్లకి. తిరుమలశెట్టి సుమన్ గుర్తున్నాడా? సికింద్రాబాద్ కుర్రాడు, గిల్‌క్రిస్ట్, గిబ్స్, సైమండ్స్ ఉన్న లైనప్‌లో పైన బ్యాటింగ్‌కి వచ్చేవాడు, భయం లేకుండా ఆడేవాడు, అవసరమైతే ఆఫ్ స్పిన్ వేసేవాడు. టీమ్ బతికుంటే ఏటా సీజన్ మొదట్లో "మన 2009 హీరోలు" అని వీడియో వేసేవాళ్లు, అందులో సుమన్ కనిపించేవాడు, పిల్లలకి పేరు తెలిసేది. చెన్నైలో బద్రీనాథ్‌ని ఇప్పటికీ గుర్తుపెట్టుకున్నారు కదా, ఆట ఒక్కటే కారణం కాదు, ఆ పసుపు జెర్సీ ఇంకా ఉంది కాబట్టి.

వేణుగోపాలరావు విషయం నన్ను ఇంకా ఎక్కువ బాధపెడుతుంది. తెలుగు కామెంటరీ వినేవాళ్లకి ఆ గొంతు తెలుసు, కానీ ఆయన ఏం ఆడాడో ఎంతమందికి తెలుసు? 2000లో అండర్ 19 వరల్డ్ కప్ గెలిచిన కుర్రాళ్లలో మన విశాఖ వేణు ఉన్నాడు. 2004 దులీప్ ట్రోఫీలో ఇంగ్లండ్-ఎ టీమ్ గెస్ట్‌గా ఆడింది, గుర్‌గావ్‌లో సౌత్ జోన్ నాలుగో ఇన్నింగ్స్‌లో 501 కొట్టాలి. మళ్లీ చెప్తున్నా, నాలుగో ఇన్నింగ్స్, 501. వేణు 228 నాటౌట్, సౌత్ జోన్ 4 వికెట్లకే కొట్టేసింది. అవతలి జట్టులో కెవిన్ పీటర్సన్ లాంటోడు ఉన్నాడు. ఆ మ్యాచ్ టీవీలో రాలేదు, నేను మర్నాడు పేపర్లో స్కోర్ చూసి ప్రింటింగ్ మిస్టేక్ అనుకుని ఇంకో పేపర్ తెచ్చి చూశా, అందులోనూ అంతే. 2005లో దంబుల్లాలో వన్డే డెబ్యూ, అదే మ్యాచ్‌లో రైనా కూడా డెబ్యూ. రైనా ఎక్కడిదాకా వెళ్లాడో మనకి తెలుసు, వేణుకి 16 వన్డేలతో ఆగిపోయింది. ఐపీఎల్ కప్పు గెలిచిన జట్టులో ఉన్నాడు, ఆ జట్టూ లేదు.

ఐసీఎల్ (ఇండియన్ క్రికెట్ లీగ్) కూడా ఒకటుండేది, బోర్డు గుర్తింపు లేని లీగ్, 2007లో మొదలై 2009లో ఆగింది, అందులో మన టీమ్ పేరు హైదరాబాద్ హీరోస్. రాయుడు అందులో ఆడి బోర్డు నిషేధంలో పడి, క్షమాభిక్ష ఇచ్చాక తిరిగొచ్చి 2013లో ఇండియాకి ఆడాడు, ఆ కథ అందరికీ తెలిసిందే. అదే లీగ్‌లో ఆడొచ్చిన వికెట్ కీపర్ ఇబ్రహీం ఖలీల్, 2011లో గువాహటిలో అస్సాంతో రంజీ మ్యాచ్‌లో 14 మందిని అవుట్ చేశాడు, ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో ఒక మ్యాచ్‌లో ఏ కీపరూ అప్పటిదాకా అంతమందిని అవుట్ చెయ్యలేదు. ప్రపంచ రికార్డ్ అండీ, హైదరాబాదోడిది. నేను పదిమందిని అడిగితే ఒక్కరికి తెలుసు.

ఇప్పుడు అసలు నేను చెప్పాలనుకున్నదానికి వస్తా. చార్జర్స్ పోయినప్పుడు నేను మొహం వేలాడేసుకుని కూర్చుంటే మా తాత అన్న మాట, "నీది ఒక్క కప్పే గదా బిడ్డా, మా పోలీసోళ్లయి ఎన్ని కప్పులో ఎర్కేనా, ఇప్పుడు ఎవడన్న యాది చేస్తుండా?" పోలీసోళ్లు అంటే హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీమ్. నాకు అప్పటిదాకా తెలీదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ గెలిచారు, ఐదేళ్లు! 1950లో ఢిల్లీలో డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ని కొట్టారు. ఇప్పటి లెక్కలో ప్రొఫెషనల్స్ కాదు, డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగం, దాని జీతమే బతుకు, కానీ దేశంలో వాళ్లని మించిన టీమ్ లేని కాలం అది.

వెనకున్నది సయ్యద్ అబ్దుల్ రహీమ్, తాత ఎప్పుడూ రహీమ్ సాబ్ అనే అనేవాడు. బడిపంతులు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ. ఆయన పెట్టే టోర్నమెంట్లు వింతగా ఉండేవి, ఒకటి బలం లేని కాలుతోనే ఆడాలి, ఇంకోటి డ్రిబ్లింగ్ చెయ్యకూడదు, బంతి రాగానే ఇచ్చెయ్యాలి. తాత చిన్నప్పుడు గల్లీలో అదే ఆడేవాళ్లంట, "కుడికాలు ముట్టిందా, ఫౌలే" అని మంచం మీద కూర్చుని ఎడమకాలు ఇలా ఊపి చూపించేవాడు, ఎనభై దగ్గర పడ్డాక కూడా. ఆ మనిషే ఇండియా టీమ్‌ని 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ గోల్డ్ కొట్టించాడు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి తీసుకెళ్లాడు. 1963 జూన్‌లో క్యాన్సర్‌తో పోయాడు. ఆయన తర్వాత మన ఫుట్‌బాల్‌కి దిక్కు లేకుండా పోయింది, మంచి కుర్రాళ్లు కలకత్తా దారి పట్టారు, పోలీస్ టీమ్ మెల్లగా మసకబారిపోయింది.

కలకత్తా వెళ్లినవాళ్లలో తులసీదాస్ బలరాం ఒకడు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టాడు, అంత దూరం నుంచి ప్రాక్టీస్‌కి రావడానికి రహీమ్ సాబ్ సైకిల్‌కి డబ్బులిచ్చి పిలిపించాడని చెప్పుకుంటారు. సిటీ పోలీస్‌కి ఆడాడు, తర్వాత ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లి 1961లో కెప్టెన్ అయ్యాడు. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం, ఈ ముగ్గురి పేర్లు కలిపే చెప్తారు ఇండియన్ ఫుట్‌బాల్‌లో. మిగతా ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది, బలరాంకి రాలేదు. ఊపిరితిత్తుల జబ్బుతో 27 ఏళ్లకే ఆట మానేశాడు, తర్వాత హుగ్లీ పక్కన ఉత్తర్‌పారాలో ఉండి 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో ఆసుపత్రిలో పోయాడు. బెంగాల్‌లో ఈస్ట్ బెంగాల్ ఉంది, వాళ్లు తలుచుకున్నారు. ఇక్కడ తలుచుకోవడానికి మాది అనే క్లబ్బే లేదు. ఆ వార్త చూసిన రోజు నేను అమ్ముగూడ వైపే ఉన్నా పని మీద, రోడ్డు మీద ఒక్క ఫ్లెక్సీ కనపడలేదు.

ఫుట్‌బాల్ మళ్లీ వచ్చింది అని సంతోషపడ్డా 2019లో. పుణె క్లబ్ మూతపడి దాని చోట్లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది, గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో నేనూ మా తమ్ముడూ వెళ్లేవాళ్లం, సగం ఖాళీగా ఉండేది, అయినా బాగుండేది. కరోనా వల్ల రెండు సీజన్లు మొత్తం గోవాలోనే ఆడించారు. 2022 మార్చి 20, గోవా ఫటోర్డాలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్, ఎదురుగా కేరళ బ్లాస్టర్స్, స్టాండ్స్ అంతా వాళ్ల పసుపే. 88వ నిమిషం దాకా ఒక గోల్ వెనక ఉన్నాం. సబ్‌స్టిట్యూట్‌గా దిగిన సాహిల్ తవోరా, ఎవరూ పెద్దగా లెక్కలో పెట్టుకోని కుర్రాడు, గాల్లోంచి వచ్చిన బంతిని కింద పడనివ్వకుండా బాక్స్ బయటి నుంచే కొట్టాడు, పోస్ట్ పక్కనుంచి లోపలికి! పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, 3-1తో గెలిచాం. ఆ సీజన్ 18 గోల్స్ కొట్టిన ఒగ్బెచె పేరు అందరికీ గుర్తుంది, సాహిల్ ఆ ఒక్క షాట్ లేకపోతే కప్పు లేదు. తర్వాత జీతాల ఇబ్బందులు వచ్చాయి, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, 2025లో క్లబ్ ఢిల్లీకి మారిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది.

ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు ఒకటి తట్టింది. పోలీసోళ్లు రోవర్స్ గెలిచింది బొంబాయిలో, డ్యూరాండ్ గెలిచింది ఢిల్లీలో. చార్జర్స్ గెలిచింది జోహన్నెస్‌బర్గ్‌లో. ఎఫ్‌సీ గెలిచింది గోవాలో. మన ఊరి జనం కళ్ల ముందు, మన గ్రౌండ్‌లో ఈ కప్పుల్లో ఒక్కటీ ఎత్తలేదు. మన జనం ఊరికే మర్చిపోలేదు, గుర్తుపెట్టుకునే రోజే మనకి ఒకటి దొరకలేదు అని నా నమ్మకం. తండ్రి కొడుకుని భుజాల మీద ఎక్కించుకుని చూపించిన మ్యాచ్ అయితే ఆ కొడుకు తన పిల్లలకి చెప్తాడు, టీమ్ పోయినా సరే. మేము ఉప్పల్‌లో చూసిన ఓడిపోయిన మ్యాచ్ నాకు బంతి బంతికీ గుర్తుంది, గెలిచిన ఫైనల్ గురించి స్కోర్లు మాత్రమే గుర్తున్నాయి, తేడా అదే.

తాత పోయాక ఆయన పెట్టెలో ఫోటోలు వెతికా, పోలీస్ టీమ్‌ది ఏదైనా ఉంటుందేమో అని. లేదు. మా తమ్ముడి కొడుక్కి ఏడేళ్లు, పోయిన ఆదివారం మేడ మీద వాడితో ఎడమకాలు ఆట మొదలుపెట్టా, కుడికాలు తగిలితే ఫౌల్. అరగంటలో పదిహేను ఫౌల్స్ చేశాడు, సాయంత్రం మళ్లీ ఆడదాం అని వాడే బంతి పట్టుకొచ్చాడు.