కొత్తగా డ్యూటీలో చేరుతున్న మా చెల్లెలి కూతురికి

అమ్మలూ,

విశాఖ కేజీహెచ్ ఆస్పత్రిలో నర్సు పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసిన దగ్గర్నుంచి నీకు ఈ ఉత్తరం రాయాలని ఉంది. ఇంజెక్షన్ చెయ్యడం, కాన్యులా పెట్టడం కాలేజీలో నేర్పారు. పక్కన డ్యూటీ చేసే మనిషితో ఎలా మెలగాలో మాత్రం వార్డులోనే తెలుస్తుంది. నాకది ఆలస్యంగా తెలిసింది.

నాకు పదేళ్ళు దాటిన సర్వీసు ఉన్నప్పటి సంగతి. మెడికల్ వార్డులో నైట్ డ్యూటీ. నాతోపాటు కొత్తగా చేరిన కాంట్రాక్టు సిస్టర్ ఉండేది. వారం ముందు సెలైన్ అయిపోయి ట్యూబులోకి రక్తం వెనక్కి వస్తే చూసుకోలేదని, అటెండర్లందరి ఎదుటా ఆ పిల్లని కేకలేశాను. "నీకీ ఉద్యోగం ఎవరిచ్చారే?" అని కూడా అన్నాను. తలొంచుకుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి ఒక షుగర్ పేషెంటుకి 20 యూనిట్ల ఇన్సులిన్ ఇవ్వాలి. నీకు తెలుసుగా, మిల్లీలీటరుకి 40 యూనిట్లున్న వయల్‌కి ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్లున్న దానికి నారింజ మూత సిరంజి. మా వార్డులో ఎప్పుడూ 40దే ఉండేది. ఆ రోజు పేషెంటు వాళ్ళు బయట షాపులో 100ది కొనుక్కొచ్చారు. నేను లేబుల్ చూడలేదు. చేతికి అలవాటైన ఎర్ర మూత సిరంజిలోకి 20 గీత దాకా లాగాను. అంటే అర మిల్లీలీటరు, 50 యూనిట్లు!

ఆ అమ్మాయి ట్రాలీ పక్కనే ఉంది. వయల్ వంక చూసింది, నా మొహం చూసింది, మళ్ళీ నేల చూపులు చూసింది. బెడ్‌పాన్ తియ్యడానికొచ్చిన ఆయా, "సిస్టరమ్మా, ఆ పాప మీతో ఏదో చెప్పాలని చూస్తోంది" అంది. అప్పుడు ఆగాను. లేబుల్ చదివేసరికి నా చేతులు చల్లబడిపోయాయి.

"ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అంటే, "మళ్ళీ తిడతారని భయమేసింది మేడమ్" అంది. ఆ భయం నేను పెట్టిందే. పొద్దున్నే హెడ్ సిస్టర్‌కి జరిగింది చెప్పాను. ఎక్కడ తిట్టానో ఆ వార్డులోనే, అందరూ వింటుండగా ఆ పిల్లకి సారీ చెప్పాను.

అందుకే చెప్తున్నాను. ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం క్లోరైడ్ లాంటి, డోసు తప్పితే ప్రాణం మీదికొచ్చే మందులు ఇచ్చేటప్పుడు వయల్ రెండో మనిషి చేతిలో పెట్టి "నువ్వు చదివి చెప్పు" అను. నువ్వే చదివేసి ఆమె చేత తలూపించుకోకు. స్టూడెంటయినా సరే, తప్పు పట్టుకుంటే థాంక్స్ చెప్పు. ఎవరినైనా సరిదిద్దాల్సి వస్తే పక్కకి పిలిచి చెప్పు, పేషెంటు మంచం దగ్గర వద్దు.

డాక్టరు ఫోన్‌లో ఆర్డరు చెప్తే రాసుకుని తిరిగి చదివి వినిపించు. డోసు తేడాగా అనిపిస్తే "సార్, ఒకసారి కన్ఫర్మ్ చెయ్యండి" అను. విసుక్కున్నా సరే, తేలేదాకా మందు ఇవ్వకు.

ఇంకో కష్టమైన సంగతి. స్నేహితురాలే వచ్చి "నేను చూడలేదు గానీ ఈ బీపీ చార్టులో వేసెయ్యవే" అంటుంది. వెయ్యకు. నువ్వే వెళ్ళి బీపీ చూసి రాయి, తనకి సాయం చేసినట్టూ ఉంటుంది. ఇంటర్నేషనల్ కౌన్సిల్ ఆఫ్ నర్సెస్ 1953లో తెచ్చిన నియమావళిని 2021లో మళ్ళీ సవరించింది. తోటి ఉద్యోగుల్ని గౌరవించమనీ, వాళ్ళ వల్లే పేషెంటుకి ప్రమాదం వస్తుంటే ఊరుకోవద్దనీ, రెండూ అందులో ఉన్నాయి. చార్టు దగ్గర స్నేహం చూసుకున్న వాళ్ళని నేను గౌరవించలేకపోయాను.

డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల అప్పగింత, అదే హ్యాండోవర్, కౌంటర్ దగ్గర కాదు, మంచం మంచానికీ తిరిగి తీసుకో. వెళ్ళిపోయే షిఫ్టు వాళ్ళని పేషెంటు ముందు ఆడిపోసుకోకు. ఆయాల్ని, ఎమ్మెన్వోల్ని (మగ నర్సింగ్ ఆర్డర్లీల్ని) పేరుకి అక్కా, అన్నా చేర్చి పిలువు. రెగ్యులరా, కాంట్రాక్టా అని చూసి కుర్చీ ఇచ్చే వాళ్ళు ఉంటారు. ఇంటిపేరు అడిగి కులం కూపీ లాగే వాళ్ళూ ఉంటారు. నువ్వు ఎవరినీ అడగకు. నిన్నడిగితే "నేను స్టాఫ్ నర్సునండీ" అని పనిలో పడు.

సంక్రాంతికి లీవు దొరక్కపోయినా దిగులు పడకు. కొత్తవాళ్ళకి పండగ డ్యూటీలు తప్పవు. ఎంతమంది డ్యూటీలో ఉంటారో ముందే చెప్పు, ఆయాలతో సహా లెక్క వేసి చెప్పు. అరిసెలు ఆ లెక్కన పంపిస్తాను.

మీ పెద్దమ్మ